నాలుగు సరిహద్దుల వెబ్‌సైటు

రాజధాని నుంచి వచ్చిన సర్క్యులర్‌లో తప్పేమీ లేదు. ప్రతి పురపాలక సంఘమూ తొంభై రోజుల్లోగా సొంత వెబ్‌సైటు ఏర్పాటు చేసుకుని ప్రజలకు అందుబాటులోకి తేవలెననీ, తేని పక్షంలో సదరు కమిషనరు సంజాయిషీ ఇచ్చుకోవలసి యుండుననీ అందులో శుభ్రంగా రాసి ఉంది. తప్పంతా మంగతాయారుది. ఆమె దాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

మంగతాయారు కోటిపర్రు మునిసిపల్ ఆఫీసులో పదకొండేళ్లుగా కంప్యూటర్ ఆపరేటరు. ఆఫీసులో పనిచేస్తుంది కాబట్టి ఆఫీసు మనిషే అనుకుంటే పొరపాటు. ఆమెది ఔట్‌సోర్సింగు. అంటే పని ఇక్కడుంటుంది, ఉద్యోగం మాత్రం ఎక్కడో ఒక ఏజెన్సీ దగ్గరుంటుంది. ఏటా మార్చి ముప్పై ఒకటిన ఆ ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ ఒకటిన మళ్లీ వస్తుంది. ఏ ఏడాదైనా రావడం మరిచిపోతే అడిగే దిక్కు లేదు. జనన మరణాల సర్టిఫికెట్ల నుంచి వీధికుక్కల లెక్క దాకా ఆ ఆఫీసులో టైపయ్యే ప్రతి కాగితమూ ఆమె చేతిమీదుగానే పోతుంది. ఆమెకి కావలసిందల్లా ఒకే ఒక్క కాగితం. మంగతాయారు సర్వీసును క్రమబద్ధీకరించడమైనది అని ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని వేరేవాళ్ల పేర్లతో ఆమె స్వయంగా ఎన్నోసార్లు టైపు చేసింది.

కమిషనరు దైవాధీనం గారికి రిటైర్మెంటు ఏడాదిన్నర దూరంలో ఉంది. ఈ ఏడాదిన్నరలో కోటిపర్రులో ఏమీ జరక్కుండా ఉంటే చాలని ఆయన కోరిక. శనివారం సర్క్యులర్ చూశారు. సోమవారం పొద్దున్నే సెక్షన్ల పెద్దలందర్నీ మీటింగ్ హాల్లోకి పిలిపించి, మంగతాయారుని కూడా రమ్మన్నారు.

"వెబ్‌సైటంటే ఏంటో మనందరికీ తెలిసిన విషయమే," అన్నారు, తెలియనివాళ్లు ఎప్పుడూ అనే పద్ధతిలో. "అయినప్పటికీ సిబ్బందికి సమగ్ర అవగాహన కల్పించే నిమిత్తం నువ్వోసారి చెప్పమ్మా. ఇంకో మాట. ఈ సైటు పూర్తయి ప్రారంభమైన రోజున నీ క్రమబద్ధీకరణ ఫైలు మీద సంతకం పెట్టి పైకి పంపిస్తాను. అందరి ముందూ చెబుతున్నాను."

నిజానికి వెబ్‌సైటు ఎలా కడతారో మంగతాయారుకీ తెలియదు. సర్క్యులర్ వచ్చిన మర్నాడు, ఆదివారమంతా కూర్చుని ఫోన్లో పాఠాలు చెప్పే వీడియోలు వరసగా చూసింది. ఆ చెప్పేవాళ్లు ఎవరికి వారే మహా మేధావుల్లా కనిపించారు గాని, మొదట్లో మాత్రం అందరూ ఒకటే ముక్క చెప్పారు. ఆ ముక్కే ఆమె ఇక్కడ అప్పజెప్పింది.

"ఏం లేదండీ. వెబ్‌సైటంటే మనం కట్టుకునే ఇల్లనుకోండి. ఇల్లు కట్టాలంటే ముందు స్థలం కావాలి కదండీ. ఆ స్థలం అద్దెకిచ్చే కంపెనీలుంటాయండి. అలా ఇవ్వడాన్నే హోస్టింగంటారు. ఇంటికి డోరు నంబరు ఉన్నట్టు సైటుకో పేరుంటుంది, అది డొమైనండి. అంతేనండి."

హాల్లో ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో రాజధాని నుంచి వచ్చిన ఏ సర్క్యులరూ వాళ్లకి ఇంత తేటగా అర్థం కాలేదు. స్థలం, ఇల్లు, డోరు నంబరు. ఈ మూడింటి మీద కాకపోతే మునిసిపాలిటీ మరి దేనిమీద బతుకుతుంది? వెనక వరసలో కునుకు తీస్తున్న టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు పేర్రాజు గారు కళ్లు తెరిచి, కండువా సర్దుకుని లేచి నిలబడ్డారు.

"అయితే ఇది మా సెక్షనండి," అన్నారు.

పేర్రాజు గారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన చెయ్యి చాచే మనిషి కాదు. చాస్తే కోటిపర్రు ఇంకో విధంగా ఉండేది. ఆయన రూలు మనిషి. సొంత తమ్ముడు అరుగు అరడుగు ముందుకి కట్టాడని స్వయంగా నిలబడి కొట్టించి, ఆ సాయంత్రమే తమ్ముడింట్లో భోజనం చేసొచ్చిన నిష్ఠాపరుడు. అలాంటివాడి చేతిలో ఫైలు పడితే దానికి అన్యాయం జరగదు. ఏదీ జరగదు.

మంగతాయారు నాలుగు రకాల హోస్టింగులు ఒక కాగితం మీద టైపు చేసి ఆయన బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. మొదటిది ఉచితంగా వచ్చేది.

"ఊరికే ఎందుకిస్తారమ్మా?"

"మన పేజీల మీద వాళ్ల ప్రకటనలు వేసుకుంటారండి."

"అంటే మన స్థలంలో హోర్డింగులు. రేపు గాలివానకి కూలి ఎవడి నెత్తినో పడితే? వద్దు."

రెండోది క్లౌడు. అంటే మబ్బు అని ఆమె నోరు జారింది. పేర్రాజు గారు పెన్ను కింద పెట్టి కాసేపు ఆమె వంక జాలిగా చూశారు. "మబ్బుల్లో కట్టడానికి మనకి అధికారం లేదమ్మా. మన పరిధి భూమట్టం నుంచి పద్దెనిమిది మీటర్ల వరకే. ఆపైన విమానాలవాళ్ల ఎన్‌ఓసీ కావాలి," అని ఆ వరస కొట్టేశారు. మూడోది ఒక సర్వరు, అంటే సైట్లన్నీ దాచిపెట్టే పెద్ద కంప్యూటరు, మొత్తం మనకొక్కళ్లకే అద్దెకి తీసుకోవడం. అంత ఖాళీ స్థలం పడేసుకుంటే రాత్రికి రాత్రి గుడిసెలు లేస్తాయన్నారు. నాలుగోది ఒకే సర్వరుని చాలామంది పంచుకోవడం.

"ఇది బాగుంది. అపార్ట్‌మెంటు," అన్నారు పేర్రాజు గారు. "నీ వాటా నీది, నా వాటా నాది, మెట్లు అందరివీ. దీనికే వెళ్దాం. ఇల్లు కట్టే పర్మిషను ఫారం నింపి పట్రా."

ఫారంలో సర్వే నంబరు దగ్గర ఆమె సర్వరు నంబరు వేసింది. అది చుక్కలతో సహా పన్నెండంకెలుంటే, పాత సర్వే నంబర్లు చాలావాటికి ఇంతకన్నా ఎక్కువ చుక్కలున్నాయని పేర్రాజు గారు అభ్యంతరం చెప్పలేదు. చిక్కంతా సరిహద్దుల దగ్గర వచ్చింది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు గళ్లున్నాయి. ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా ఫైలు కదలదు.

మంగతాయారు మళ్లీ వీడియోల్లో పడింది. ఒకే సర్వరు మీద ఇంకెవరెవరి సైట్లున్నాయో చూసే ఉపాయం ఒకటి దొరికింది. దాన్నిబట్టి రాసింది. తూర్పున మాగాయ, ఆవకాయ అమ్మే బుచ్చియమ్మ గారి పచ్చళ్లు. పడమర ఒక పెళ్లి సంబంధాల సంస్థ. ఉత్తరాన కుక్కపిల్లల అమ్మకం. దక్షిణాన మోకాలి నొప్పుల తైలం.

పేర్రాజు గారు నాలుగూ చదివి సంతోషించారు. "జనావాసమే. ఇహ ఈ నలుగురి దగ్గరా అభ్యంతరం లేదని రాయించుకురా."

ఆమె నలుగురికీ ఈమెయిళ్లు పెట్టింది. బుచ్చియమ్మ గారు గంటలో జవాబిచ్చారు. తనకే అభ్యంతరమూ లేదనీ, గోడ మాత్రం తమ వైపుకి జరపొద్దనీ రాశారు. కుక్కపిల్లలవాళ్లు ఒక కుక్కపిల్ల ఫొటో పంపారు. దాన్నే సమ్మతిగా తీసుకున్నారు. తైలంవాళ్లు మోకాలు ఎడమదా కుడిదా అని అడిగారు. పెళ్లి సంబంధాలవాళ్లు మాత్రం వివరాలన్నీ తెప్పించుకుని, వధువు పేరు కోటిపర్రు పురపాలక సంఘం, వయసు అరవై నాలుగు, ఉద్యోగం ప్రభుత్వం అని నమోదు చేసేసుకున్నారు. మర్నాటికి రెండు సంబంధాలొచ్చాయి. పేర్రాజు గారు ఆ రెండూ కూడా ఫైల్లో పెట్టించారు. వచ్చిన కాగితం పారెయ్యకూడదు కదా.

తరవాత ప్లాను. మొదటి పేజీ ఎలా ఉంటుందో ఆమె కాగితం మీద గీసిస్తే, పేర్రాజు గారు దాన్ని బల్లమీద ఉత్తరం పైకొచ్చేలా తిప్పి పెట్టుకున్నారు. "ఈశాన్యంలో ఏం పెట్టేవు? కమిషనరు గారి ఫొటోనా? అక్కడ బరువుండకూడదమ్మా. ఆయన్ని నైరుతికి దింపు." దైవాధీనం గారు పేజీలో ఎడమవైపు కింద మూలకి దిగారు. నైరుతిలో ఎంత బరువుంటే అంత మంచిదని ఫొటో పెద్దది చేయించారు. ఆగ్నేయంలో ఫైరింజను ఫోను నంబరు పడింది. "ఈశాన్యంలో నీళ్లుండాలి. నుయ్యి గాని, కుళాయి గాని," అని ఆయన అన్నప్పుడు మొట్టమొదటిసారి మంగతాయారుకి ఈ సైటు మీద ప్రేమ పుట్టింది.

ఎందుకంటే కోటిపర్రులో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ రోజన్నది తెలుసు, ఏ వేళన్నది దేవుడికీ వాల్వు తిప్పే గంగరాజుకీ తప్ప తెలియదు. పొద్దున ఆరు కావచ్చు, మధ్యాహ్నం మూడు కావచ్చు. ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని, పనులు మానుకుని కూర్చుంటారు. ఆఫీసుకి వచ్చే ఫోన్లలో ముప్పాతిక వంతు అడిగేది ఆ ఒక్క సంగతే. ఎత్తేది మంగతాయారే కాబట్టి తిట్లు తినేదీ ఆమే.

ప్లాను కాపీలు తొమ్మిది తీసి తొమ్మిది ఆఫీసులకి పంపారు. అరవయ్యో రోజుకి ఫైలు రోడ్లు, భవనాల శాఖలో ఉంది. బ్యాండ్‌విడ్త్ అంటే సైటు ముందుండే రోడ్డు వెడల్పు లాంటిదని ఆమె మళ్లీ ఒక పోలిక చెప్పిన పాపానికి, రోడ్డు విస్తరణ ప్రతిపాదన జత చేసి పంపమన్నారు.

ఇహ లాభం లేదనుకుంది మంగతాయారు. అరవై మూడో రోజున భోజనాల వేళ అందరూ లేచి వెళ్లాక, కుర్చీ ముందుకి లాక్కుంది. పేరొకటి ఎంచుకుని, ఆ అపార్ట్‌మెంటులోనే ఒక వాటా తన ఫోను మీదనుంచే తీసేసుకుంది. అందరూ వాడే అచ్చు నమూనా ఒకటి ఎక్కించింది. మొదటిసారి పేజీ తెల్లగా వచ్చింది. రెండోసారి అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. మూడోసారి దిద్దేసరికి కోటిపర్రు పురపాలక సంఘం అని చక్కటి తెలుగులో పడింది. ఆమెకి ఆనందంతో కళ్లు చెమర్చాయి. గంగరాజుకి ఫోన్ చేసి, వాల్వు తిప్పేముందు తనకో మాట చెప్పమంది. ఈశాన్యం మూల వార్డుల పేర్లూ, ఎదురుగా నీళ్లొచ్చే వేళా వేసింది. నాలుగింటికల్లా సైటు పని చేయడం మొదలుపెట్టింది. తొంభై రోజుల పని ఒక పూటలో అయిపోవడంతో ఆమెకే కొంచెం భయమేసింది.

వారం తిరక్కుండా ఊరంతా పాకిపోయింది. పద్నాలుగో వార్డులో బజ్జీల బండి పెట్టే నూకాలమ్మ పనిగట్టుకుని ఆఫీసుకొచ్చి, కిటికీలోంచి తల పెట్టి అంది: "నీళ్లు రెండింటికని మా కోడలు ఫోన్లో చూసి చెప్పేసిందమ్మా. నాలుగేళ్లయ్యింది నేను మధ్యాన్నం ఓ కునుకు తీసి. నిన్న తీసేను. సల్లగుండు."

మంగతాయారు ఆ రోజంతా తనలో తనే నవ్వుకుంది.

ఈ సంగతి పేర్రాజు గారి చెవిన డెబ్బై ఒకటో రోజున పడింది. ఆయన వచ్చి ఆమె వెనక నిలబడి, తెర వంక చాలాసేపు చూశారు. బాధగానే చూశారు.

"కట్టేసేవా అమ్మా."

"టైము లేదు కదండీ. అంతా మీ ప్లాను ప్రకారమే కట్టేనండి. ఈశాన్యంలో నీళ్లే పెట్టేను."

"అదంతా బాగుంది. ప్లాను పాసవ్వాలి కదా. పాసవ్వకుండా కడితే ఏవంటారు? అక్రమ నిర్మాణం అంటారు. ఆ కింద అంకె ఏంటి?"

"ఎంతమంది చూశారో లెక్కండి."

"నాలుగు వేల నూట పన్నెండు," అని ఆయన పైకే చదివారు. "నాలుగు వేల మంది పాసవ్వని బిల్డింగులోకి వెళ్లేరు. కూలితే ఎవరిది పూచీ?"

మధ్యాహ్నానికి నోటీసు తయారైంది. టైపు చేసింది మంగతాయారే. అక్రమ నిర్మాణం ముఖభాగంలో అందరికీ కనబడేలా అతికించాలని రూలు కాబట్టి, మైదాపిండి జిగురుతో మానిటరు మీద అతికించారు. ఆమె ఆ వారమంతా నోటీసుకి అటూ ఇటూ మిగిలిన సందుల్లోంచి చూస్తూ పని చేసింది.

నోటీసులో ఇచ్చిన గడువు ముగియగానే కూల్చివేత దళం వచ్చింది. మేస్త్రీ నాగభూషణం, అతని వెనక గునపాలతో ముగ్గురు. నాగభూషణం మానిటరు చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"ఇది శ్లాబా, రేకులా అండి?"

"పైనుంచి మొదలెట్టండి. పక్కవాళ్ల పచ్చళ్ల కొట్టుకి దెబ్బ తగలకూడదు," అన్నారు పేర్రాజు గారు.

గునపం లేచింది. సరిగ్గా అదే వేళకి గంగరాజు ఎనిమిదో వార్డుకి నీళ్లు వదులుతున్నట్టు కబురొచ్చి ఉండటంతో, తెర మీద కింది అంకె గబగబా పెరగడం మొదలుపెట్టింది. నాగభూషణం గునపం దింపేశాడు.

"లోపల జనం ఉన్నారండి."

"ఖాళీ అయ్యేదాకా ఆగుదాం," అన్నారు పేర్రాజు గారు. మనుషులున్న కట్టడాన్ని కూల్చకూడదని రూలు. అందరూ బల్ల చుట్టూ కూర్చుని చూశారు. గంట గడిచింది. టీలు వచ్చాయి. అంకె ఐదు వేలు దాటింది.

"వెళ్లేవాళ్లే గాని వచ్చేవాళ్లు కనపట్లేదండి," అన్నాడు నాగభూషణం బెంగగా. "దొడ్డిదారేవైనా ఉందేమో కనుక్కోండి."

లేదని మంగతాయారు ప్రమాణపూర్వకంగా చెప్పింది. మూడు రోజులు వచ్చి, మూడు రోజులూ లోపల జనం ఉండటం చూసి దళం వెనక్కి వెళ్లింది. ఎనభయ్యో రోజున కమిషనరు దైవాధీనం గారు పేర్రాజు గారిని పిలిపించారు. ఉన్న ఒక్క సైటునీ కూల్చేస్తే తొంభయ్యో రోజున రాజధానికి ఏం చూపించాలని అడిగారు. పేర్రాజు గారు ఆలోచించి, దానికి దారి ఉందన్నారు. ప్లాను లేకుండా కట్టినవాళ్ల మీద దయతలచి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. దరఖాస్తు చేసుకుంటే అక్రమ నిర్మాణాన్ని క్రమబద్ధీకరిస్తారు.

ఆ మాట వినగానే మంగతాయారు చేతిలో ఫైలు జారి కింద పడింది. పదకొండేళ్లుగా ఆ మాట వేరే ఫైల్లో ఉంటుందనుకుంటోంది.

దరఖాస్తులో అంతస్తులెన్నని ఉంటే పేజీలెన్నో చెప్పింది. ఆరు. పేర్రాజు గారికి ఒక్క క్షణం గర్వమనిపించింది. కోటిపర్రులో నాలుగో అంతస్తు దాటిన బిల్డింగు లేదు. నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీని స్కేలు పెట్టి తెర మీదే కొలిచారు. పావంగుళం వచ్చింది. ఊళ్లో మిగతా ఇళ్లతో పోలిస్తే అది ఎక్కువే. ఎనిమిది రోజుల్లో ఉత్తర్వు వచ్చేసింది. ఇంత త్వరగా వచ్చిన ఫైలు ఆ ఆఫీసు చరిత్రలో లేదు.

ప్రారంభోత్సవం ఏర్పాట్లు మామూలుగా ఆగస్టు పదిహేను చూసే కమిటీకి అప్పగించారు. అందులో వింతేమీ లేదు. ఏటా వాళ్లేసే ఆహ్వానపత్రంలో ఫ్లాగ్ హోస్టింగ్ ఎనిమిది గంటలకు అని ఉంటుంది. ఇది వెబ్ హోస్టింగ్. మాట ఒకటే, స్తంభం ఒకటే, బూందీ పొట్లాలు కట్టేవాడూ ఒకడే.

తొంభయ్యో రోజున ఎనిమిదింటికి మానిటరుని గుడ్డలో పూలతో సహా చుట్టి, తాడు కట్టి స్తంభానికి ఎత్తారు. సగం దూరం వెళ్లేసరికి కరెంటు వైరు చాల్లేదు. సగంలో ఆపితే ఎవరో పోయారనుకుంటారని కమిషనరు గారు కంగారుపడి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెప్పించారు. రెండోసారి కొసకంటా వెళ్లింది. తాడు లాగగానే ముడి వీడి పూలు కురిశాయి. అందరూ సెల్యూట్ చేశారు. పైన ఏముందో కింద ఎవరికీ కనపడలేదు గాని చప్పట్లు గట్టిగానే పడ్డాయి.

పేర్రాజు గారు ఉత్తర్వు చదివారు. "ఏ అనుమతియు లేకుండ ఈ ఆవరణలో నెలకొని యున్నప్పటికిని, పురపాలక సంఘమునకును ప్రజలకును విశేషమైన సేవలందించుచున్నందున, దయతో పరిశీలించి ఇందుమూలముగా క్రమబద్ధీకరించడమైనది."

తన గురించి కాదని మంగతాయారుకి తెలుసు. తెలిసినా ఆ మాటలు చెవిన పడుతుంటే ఆమెకి తెలియకుండానే ఒక అడుగు ముందుకి పడింది. ఆమె పక్కనుంచి ఎవరో దండ పట్టుకెళ్లి స్తంభానికి వేశారు.

సభ అయ్యాక ఆమె కమిషనరు గారి గదికి వెళ్లింది. మాట గుర్తు చేసింది.

"మాట ఇచ్చినమాట వాస్తవం," అన్నారాయన. "అయితే మనుషుల క్రమబద్ధీకరణ మీద నిషేధం ఉందమ్మా. నిన్ననే చూసుకున్నాను. ప్రస్తుతం కట్టడాలకి మాత్రమే అవకాశం ఉంది. ఇంకోటి. సైటు ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి అయ్యింది. దాన్ని ఔట్‌సోర్సింగువాళ్ల చేతిలో ఉంచకూడదు. తాళం పర్మనెంటు ఉద్యోగికి అప్పగించు."

తాళమంటే పాస్‌వర్డు. పర్మనెంటు ఉద్యోగంటే రాత్రి కాపలా సోములు. సోములు పాస్‌వర్డుని చీటీ మీద రాయించుకుని, మొలతాడుకి కట్టుకున్నాడు. పొద్దున పదింటికి సైటు తెరిచి, సాయంత్రం ఐదింటికి మూసేస్తానన్నాడు. ఆదివారాలూ పండగలూ సెలవు.

మంగతాయారుకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. తన బల్ల దగ్గరికి వచ్చి, మిగిలిపోయిన క్రమబద్ధీకరణ ఫారం ఒకటి సొరుగులోంచి తీసింది. వెటకారానికే నింపడం మొదలుపెట్టింది. నిర్మాణం పేరు: పాలకోడేటి మంగతాయారు. ఎన్నేళ్లుగా ఉన్నది: పదకొండు. అనుమతి: లేదు. అంతస్తులు: ఒకటి. మూడు నాలుగు గళ్లు నింపేసరికి చేతిరాత కుదురుకుంది. ఐదో గడికి వచ్చేసరికి నిజంగానే ఆశ పుట్టింది. సైటు కన్నా తనకేం తక్కువని ఇంకో రెండు కాగితాలు జత చేసి పట్టుకెళ్లింది.

పేర్రాజు గారు నవ్వలేదు. ఆయన ఏ ఫారం చూసీ నవ్వే మనిషి కాదు. టేపు తీసుకుని వచ్చి ఆమె కుర్చీ కొలిచారు. రెండడుగులు బై రెండడుగులు. పునాది దగ్గర ప్లాస్టిక్ కుర్చీ అని రాసుకున్నారు.

"మరమ్మతులేవైనా జరిగేయా అమ్మా?"

"కళ్లజోడు పెట్టించుకున్నానండి. రెండేళ్లయ్యింది."

"పగుళ్లు?"

"పైకేం లేవండి."

ఆయన తల ఊపుతూ రాసుకుపోయారు. ఒక్కో గడీ నిండుతుంటే ఆమె ఆ పెన్ను వంకే చూసింది. "అర్హతలన్నీ ఉన్నాయి. సైటు కన్నా బలమైన కేసు," అన్నారు ఆయన కూడా ఉత్సాహంగా. ఆఖరి గడి దగ్గరికి వచ్చారు. "నిర్మాణమున్న స్థలం ఎవరిది?"

"ఇది మన మునిసిపల్ ఆఫీసే కదండీ."

పేర్రాజు గారి పెన్ను ఆగిపోయింది. ఆయన నిజంగా బాధపడ్డారు. ఆ సంగతి ఆమెకీ కనిపించింది.

"అయ్యో. ఆ సైటు ప్రైవేటు కంపెనీవాళ్ల స్థలంలో ఉంది కాబట్టి సరిపోయిందమ్మా. నువ్వూ అలా బైటెక్కడైనా ఉండుంటే కళ్లు మూసుకుని చేసేసేవాణ్ణి. ప్రభుత్వ స్థలంలో ఉన్నదాన్ని క్రమబద్ధీకరించకూడదు."

"పోనీలెండి. ఎప్పట్లాగే ఉంటాను."

"ఎలా ఉంటావు? రాతపూర్వకంగా నా దృష్టికి తెచ్చేవు కదా. చూసేక ఊరుకోకూడదు. తొలగించాలి."

సోమవారం పదకొండింటికి కూల్చివేత దళం వచ్చింది. నాగభూషణం గునపం గుమ్మం బయటే ఆనించి, చెప్పులు కూడా విప్పి లోపలికొచ్చాడు.

"మీరే లేచేస్తారా అమ్మా? మాచేత చెయ్యి వేయించకండి."

ఆమె లేచింది. టిఫిను క్యారేజీ, కళ్లజోడు పెట్టె, గొడుగు సంచిలో పెట్టుకుంది. కుర్చీ తీసి వరండాలో వేశారు. నేల మీద రెండడుగులు బై రెండడుగులు సున్నంతో గీత గీశారు. పేర్రాజు గారు పంచనామా చెప్పడం మొదలుపెట్టి, రాసేవాళ్లు లేరని గమనించి ఆగారు. ఆఫీసులో టైపు వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. అందరూ మంగతాయారు వంక చూశారు.

ఆమె సంచి కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. మళ్లీ కూర్చుంటే అది కొత్త ఆక్రమణ కిందికి వస్తుందని పేర్రాజు గారు మెల్లగా గుర్తు చేశారు. ఆమె నిలబడే టైపు చేసింది. పదకొండు సంవత్సరములుగా నున్న ఆక్రమణ ఎట్టి ప్రతిఘటనయు లేకుండ తొలగినదని ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టి, రెండు చోట్ల ఆయన తప్పు చెప్పిన వత్తులు దిద్ది, అచ్చు తీసి ఇచ్చింది.

ఆ కాగితాన్ని ఆక్రమణల శాశ్వత రిజిస్టరులో అతికించి, పక్క గడిలో ఆమె పేరు ఇంటిపేరుతో సహా నిండుగా రాశారు. పదకొండేళ్లలో ఆ ఆఫీసు రిజిస్టరులో ఆమె పేరు ఎక్కడం అదే మొదటిసారి. నాగభూషణం సిరా పెన్ను మూత తీసి ఇస్తే, మంగతాయారు ఆ పేరు కింద సంతకం పెట్టింది.